ఎండిన బోరులో మోత

పోయిన వారం కృపమణిని కొళాయి దగ్గర వదిలేసి వచ్చాం. ఖాళీ బిందె చంకలో ఉంది, చూపుడు వేలు కంబన్న ముఖం మీద ఉంది. "గీత అవతల ఉండానని ఊరి నీళ్ళన్నీ నువ్వే తోడుకుంటాండావు కదా అన్నా" అని పదిమందిలో అనేసింది. కంబన్న తిరిగి ఒక్క మాట అనలేదు. భుజం మీది తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడైతే దొంగకు తేలు కుట్టినట్టు అలా పోతాడా అని ఊరు వారం రోజులుగా చెవులు కొరుక్కుంటూనే ఉంది.

ఆ గీత సంగతి మరిచిపోయిన వాళ్ళ కోసం ఒక్క మాట. పత్తికొండకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ రాళ్ళదిన్నెలో తాగునీటి బోరు మార్చి నెలలోనే గాలి కొట్టడం మొదలుపెట్టింది. తాసిల్దారు ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. తాగునీటి బోరు చుట్టూ రెండు వందల యాభై మీటర్ల లోపలున్న సేద్యపు మోటార్లన్నీ వానలు పడేదాకా ఆపెయ్యాలి. వీఆర్వో గోపీనాథ్ టేపు పట్టి కొలిచి సున్నంతో గీత పోయించాడు. గీత లోపల తొమ్మిది మోటార్లు తేలాయి. తొమ్మిదింటి స్టార్టరు పెట్టెలకూ గుడ్డ చుట్టి, తీగ కట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. తొమ్మిదో పెట్టె కృపమణిది. ఆమె చేనికి ఆనుకుని, గీతకు ఇరవై అడుగుల అవతల కంబన్న చేను మొదలవుతుంది. ఆ గీత పుణ్యమా అని అతని మోటారుకు మాత్రం సీలు లేదు, అతని టమోటా పచ్చగా నవనవలాడుతోంది.

చిత్రమేమిటంటే తొమ్మిది మోటార్లు ఆగినా ఊరి ట్యాంకు నిండలేదు. మూడు రోజులకోసారి ఇంటికి పది బిందెలు వచ్చే కొళాయి ఐదు బిందెలకు దిగింది. అంటే గీత లోపల ఎవరో దొంగతనంగా తోడుతున్నారు. మొన్న గురువారం గోపీనాథ్ పెట్టెలన్నీ చూసుకుంటూ వచ్చి కృపమణి పెట్టె దగ్గర ఆగిపోయాడు. మిగతా ఎనిమిదింటి మీద ముద్ర ముద్రలాగే ఉంది. ఆమె పెట్టె మీద మాత్రం లక్క జారి, అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. "ఆదివారం పన్నెండుకు వస్తానమ్మా. పెద్దల ముందర విప్పి చూస్తా. ఈ బోరు నడిచినట్టు తేలితే కరెంటు సర్వీసు పీకేసి, బోరు కాంక్రీటుతో మూయించాల్సి వస్తుంది. నా చేతుల్లో లేదు" అని చెప్పి వెళ్ళాడు.

మూడు బోర్లు ఎండిపోయాక నాలుగోసారి పడిన నీళ్ళవి. ఆ బోరు మూస్తే ఎకరన్నర చేను బీడే. అత్త కాలం నుంచి ఆ చేను తప్ప ఆ ఇంటికి ఇంకో ఆస్తి లేదు.

ఇవాళ ఆ ఆదివారం వచ్చింది.

* * *

నెలలో మొదటి ఆదివారం కాబట్టి చర్చిలో ప్రభు సంస్కారం ఉంది. పాస్టరయ్య పత్తికొండ నుంచి మోటారు సైకిలు మీద వచ్చి, దుమ్ము దులుపుకుని, తెల్లటి అంగీ తొడుక్కున్నాడు. తాతల నాటి బండల మిద్దె ఆ చర్చి. ఎండాకాలం పొద్దున తొమ్మిదికే లోపల రొట్టెల పెనం మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద, మగవాళ్ళు ఇంకో పక్క. కృపమణి చుట్టూ మాత్రం ఇవాళ రెండు చాపల జాగా ఖాళీగా మిగిలింది. ఎవరూ దూరం జరిగినట్టు కనిపించలేదు, కానీ అందరూ జరిగారు.

భర్త వసంతకుమార్ పక్కన ఉంటే ఆ ఖాళీ అంత పెద్దగా కనిపించేది కాదేమో. మైదుకూరు దగ్గర బండల ఫ్యాక్టరీలో పని అతనికి. ప్రతి శనివారం సాయంత్రం బస్సు దిగేవాడు, ఈ వారం మాత్రం సెలవు దొరకలేదని ఫోను చేశాడు. "ఆదివారం సీలు విప్పుతారంట, నువ్వుంటే బాగుంటాది" అని ఆమె అంటే, "నేనుండి ఏం చేస్తాను, నువ్వే సూసుకో" అని పెట్టేశాడు.

ఆడవాళ్ళు వరుసగా లేచి, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి బల్ల వైపు కదిలారు. కృపమణి కూడా కొంగు తలమీదికి లాక్కుని లేచింది. రెండడుగులు వేసిందో లేదో, ఏసురాజు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అతను సంఘపెద్ద, పైగా ఆమె భర్తకు సొంత అన్న. తరాజు లాంటి మనిషని ఊళ్ళో పేరు. ఆ తరాజులో తన బరువు మాత్రం ఏనాడూ వేసి చూసుకోలేదు.

"నువ్వు కూచోమ్మా కృపా."

"ఎందుకు బావా?"

"ఊరు గొంతు తడుపుకునేదానికి లేక అల్లాడతాంది. ఆ నీళ్ళ మీద నీ పేరు వినబడతాంది. అది తేలేదాకా నువ్వు బల్ల కాడికి రావద్దు."

పాట సగంలో ఆగిపోయింది. హార్మోనియం మాత్రం ఇంకో రెండు క్షణాలు మూలిగి ఊరుకుంది.

"పేరు వినబడితే తప్పు తేలినట్టేనా బావా?" అంది కృపమణి. "నా పెట్టె పడమటి మొగాన ఉండాది. నీడకు చెట్టు లేదు, చేమ లేదు. నలభై మూడు డిగ్రీల ఎండకు లక్క జారక ఏం చేస్తాది? మీ పెట్టె యాపచెట్టు కింద ఉండాది. నీడపట్టున ఉండేవాళ్ళ ముద్ర ఎప్పుడూ సల్లగానే ఉంటాది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఏసురాజు చెవులు ఎర్రబడ్డాయి. అతని భార్య రత్నమణి చాప మీది నుంచే అందుకుంది.

"ఎండ సంగతి సరే. దినామూ బిందెడు నీళ్ళు టమోటాలకు మోస్తాండావంట కదా. తాగేదానికే లేని ఊర్లో ఆ నీళ్ళు యాడివమ్మా నీకు?"

"మేము ఒళ్ళు కడుక్కున్న నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అక్కా. కావాలంటే నా చేనులోకొచ్చి మన్ను వాసన సూడు. సబ్బు వాసన కొడతాది."

"మాటలకేం తక్కువ లేదు."

"సరే" అన్నాడు ఏసురాజు, చెయ్యెత్తి భార్యను ఆపుతూ. "బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పు. సంఘం నమ్ముతుంది."

పాస్టరయ్య మెల్లగా, "ఏసురాజుగారూ, మనలో ఒట్లు పెట్టించడం పద్ధతి కాదు" అన్నాడు.

"అయ్యగారూ, మీరు నెలకోసారి వచ్చి పోతారు. మిగిలిన దినాలు కొళాయి కాడ జుట్లు పట్టుకుని కొట్టుకునే వాళ్ళను విడదీసేది నేను."

పాస్టరయ్య తల దించుకున్నాడు. ఆయన మంచివాడే, కానీ ఆయన ఊళ్ళో కొళాయి రోజూ వస్తుంది.

కృపమణి ముందుకు వెళ్ళి బైబిలు మీద చెయ్యి పెట్టింది. కోపంతో ఆమెకు ఒళ్ళు తెలియడం లేదు. "నేను గానీ, మా ఇంట్లో ఇంకెవురు గానీ, సీలు పడినప్పటి నుంచి ఆ బోరు నీళ్ళు ఒక్క సుక్క ముట్టుకోలేదు. ముట్టుకొనింటే నాకు ఈ బల్ల వద్దు, ఈ గుడి వద్దు" అంది.

ఇంట్లో ఇంకెవరి సంగతీ ఎవరూ అడగలేదు. ఆ మాట ఆమే కలిపింది. కోపం వచ్చినప్పుడు మనిషి అడిగినదానికంటే రెండు మాటలు ఎక్కువే ఇస్తాడు.

"మంచిది" అన్నాడు ఏసురాజు. "పన్నెండుకు సీలు విప్పినాక అంతా సరిగ్గా ఉంటే, వచ్చే నెల తీసుకుందువు గానీ."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "మరి ఒట్టెందుకు పెట్టించినారు బావా?"

ఏసురాజు హార్మోనియం వైపు తిరిగి, పాట ఎత్తుకోమన్నట్టు చెయ్యి ఊపాడు. కృపమణి చెప్పులు చేత పట్టుకుని బయటికి నడిచింది. వెనకాల పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

* * *

కాళ్ళు తిన్నగా చేనికే తీసుకుపోయాయి. ఏడవాలన్నా ఒక చోటు కావాలి కదా, ఆమెకు అదొక్కటే ఉంది.

టమోటా ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి. పూత సగం రాలింది. మిగిలిన కాయలు ఉసిరికాయంత ఉండి, అంతకు మించి ఊరడం లేదు. బిందెడు సబ్బునీళ్ళకు ఎకరన్నర ఎక్కడ తడుస్తుంది? గట్టు పక్కన రెండు వరుసలైనా బతికించాలని ఆమె పట్టుదల. పోయిన వారం ఇంటికి వచ్చినప్పుడు వసంతకుమార్ ఆమె భుజం మీద బిందె ఒరుసుకున్న పుండు చూశాడు. కొబ్బరినూనె వేడి చేసి తెచ్చి రాశాడు. "ఎందుకింత యాతన, ఈ ఏడుకు చేను వదిలెయ్ గదా" అన్నాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో అతను అంత మెత్తగా మాట్లాడింది తక్కువ. ఆ రాత్రి ఆమెకు పుండు మంట కూడా తియ్యగానే ఉంది.

చేను నడుమ ఎండిపోయిన మూడో బోరు ఉంది. పిల్లలు పడకుండా నోటి మీద బండ కప్పి ఉంటుంది. ఆమె దాని పక్కన చతికిలబడింది. అత్తకు ఒక అలవాటు ఉండేది. పక్కవాళ్ళు ఎక్కడ కొత్త బోరు వేసినా వచ్చి ఈ బండ జరిపి, కేసింగు పైపుకు చెవి ఆనించేది. "నీళ్ళు సచ్చిపోయినా దీనికి చెవులుండాయే. భూమి లోపల యాడ మోటారు ఆడినా ఇది చెప్తాది" అనేది. అత్త పోయి నాలుగేళ్ళయింది. ఎందుకో కృపమణికి ఇవాళ ఆ మాట గుర్తొచ్చింది. దిగులుకు ఏదో ఒక పని కావాలన్నట్టు బండ పక్కకు నెట్టి, ఇనప పైపుకు చెవి పెట్టింది.

లోపల మోత వినిపించింది.

చెవి తీసి, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టింది. సందేహం లేదు. సన్నగా, ఆగకుండా, తేనెటీగల తుట్టెలాంటి రొద. ఎక్కడో దగ్గరలోనే మోటారు ఆడుతోంది.

ఇది కంబన్న మోటారు కాదా? అతని బోరు చేనికి ఆ చివర ఉంది, ఇక్కడికి మూడు వందల గజాలు. అంత దూరపుది ఇంత దగ్గరగా వినిపించదు. గీత లోపలి తొమ్మిది మోటార్లకు సీళ్ళున్నాయి. పైగా గీత లోపలి పెట్టెల వాళ్ళంతా ఈ క్షణాన చర్చిలో ఉన్నారు, తన కళ్ళతో చూసి వచ్చింది. అందరూ అక్కడుంటే మోటారు వేసింది ఎవరు? అప్పుడు ఆమెకు వెలిగింది. వెయ్యడానికి మనిషే అక్కర్లేదు. ఆటో స్టార్టరు బిగిస్తే చాలు. వ్యవసాయం కరెంటు ఈ వారం పొద్దున తొమ్మిదికి వస్తోంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, యజమాని చర్చిలో పాటలు పాడుకోవచ్చు. ఇంకో ఊళ్ళో కూడా ఉండొచ్చు.

ఆమె లేచి నడిచింది. నలభై అడుగుల దూరంలో తన నాలుగో బోరు. స్టార్టరు పెట్టె గుంజకు అలాగే ఉంది. జారిన లక్క, అలుక్కుపోయిన ముద్ర, కట్టిన తీగ, అన్నీ గురువారం చూసినట్టే ఉన్నాయి. ఎవరూ విప్పలేదు. హమ్మయ్య అనుకుంటూ ఊరికే చెయ్యి బోరు పైపు మీద వేసింది.

పైపు చల్లగా ఉంది. ఎండకు ఇనుము ముట్టుకుంటే బొబ్బలెక్కే వేళ, పైపుకు చెమట పట్టి ఉంది. అరచేతి కింద సన్నగా అదురుతోంది.

ఆడుతున్నది తన మోటారే.

సీలు సీలులాగే ఉంది, మోటారు మోటారులాగే నడుస్తోంది. అంటే కరెంటు ఈ పెట్టెలో నుంచి రావడం లేదు. మోకాళ్ళ మీద కూలబడి బోరు మొదట్లో మట్టి చేత్తో తోడింది. జానెడు లోతులో చేతికి నల్లటి కేబులు తగిలింది, దాని పక్కనే నల్లటి పైపు. రెండూ కొత్తవి. పైన కప్పిన మన్ను కూడా ఇంకా గట్టిపడలేదు.

ఇలా భూమిలో కేబులు అతుకేసి, ఊరి కళ్ళుగప్పి మోటారు తిప్పగలిగిన పనివాడు రాళ్ళదిన్నెలో ఎవరున్నారు? కొళాయి ట్యాంకు మోటారు చూసే మారెన్న ఉన్నాడు, కానీ మారెన్న చేతులకు ఇంత నైపుణ్యం లేదు. ఇంకొక పేరు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

మన్ను ఎక్కడెక్కడ మెత్తగా ఉందో కాలితో నొక్కి చూసుకుంటూ నడిచింది. జాడ సున్నపు గీత దాటి, గట్టు దాటి, కంబన్న పొలం వైపే పోయింది. రెండు చేలకూ నడుమ పాత ఇంజను కొట్టం ఉంది. తాతల కాలంలో ఆ పక్క బావి మీద ఆయిల్ ఇంజను నడిచేది. బావి పూడిపోయాక కొట్టానికి తలుపు ఉందని కూడా జనం మరిచిపోయారు. కేబులు ఆ కొట్టం గోడ కింది నుంచి లోపలికి దూరింది. పైపు కొట్టం పక్కనుంచి తిరిగి కంబన్న టమోటాల్లోకి పోయింది.

"నేను ఆ పొద్దే చెప్పినా" అనుకుంది కృపమణి, పళ్ళు బిగబట్టి. ఎంత ఉపశమనంగా అనిపించిందో చెప్పలేం. దొంగ కంబన్నే. తన మాట నిజమే. పన్నెండుకు గోపీనాథ్ రాగానే చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపిస్తుంది. ఏసురాజు ముఖం అప్పుడు చూడాలి.

తలుపుకు తాళం ఉంది. ఇత్తడి తాళం, పాతది. కింది అంచున చిన్న సొట్ట.

ఆ సొట్ట ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తాళం చెవి పోతే తాను రాయితో కొట్టిన సొట్ట అది. పెళ్ళికి అమ్మ ఇచ్చిన ట్రంకు పెట్టెతో పాటు ఆ ఇంటికి వచ్చిన తాళం. ఈస్టరు ముందు ఒకరోజు పెట్టెకు తాళం కనిపించక అడిగితే, "జామయిపోయింది, పారేసినా" అన్నాడు వసంతకుమార్. పాత తాళమే కదా అని ఆమె కూడా ఊరుకుంది. దానికి తాళం చెవులు రెండు. ఒకటి తన నడుముకున్న గుత్తిలో ఇంకా వేలాడుతూనే ఉంది. రెండోది అతని దగ్గరుండేది.

గుత్తిలోంచి ఆ చెవి తీసి పెట్టింది. ఒక్క తిప్పుకే, నూనె వేసినట్టు, తాళం తెరుచుకుంది.

లోపల చల్లటి చీకటి. గోడకు కొత్త స్టార్టరు, దానిలో ఎర్రటి బుడ్డి వెలుగుతోంది. కంబన్న సర్వీసు నుంచి వచ్చిన తీగ ఒక పక్క, తన బోరుకు పోయే కేబులు ఇంకో పక్క. తీగల కొసలు మూడేసి చుట్లు చుట్టి, టేపు మీద సన్నటి దారం కట్టి ఉంది. మోటారు పనిలో దారం కట్టే అలవాటు ఆమెకు తెలిసి ఒక్కడిదే. పెళ్ళికి ముందు ఎమ్మిగనూరులో మోటారు షాపులో నేర్చుకున్న పని అది. ఇంట్లో ఫ్యానుకూ, మిక్సీకీ, ఇస్త్రీ పెట్టెకూ అన్నిటికీ ఆ దారమే.

బైబిలు మీద పెట్టిన చెయ్యి ఒక్కసారి మండినట్టయింది. ఎర్ర బటను నొక్కింది. బుడ్డి ఆరింది.

ఊరి వైపు నుంచి చర్చి గంట వినిపించింది. ఆరాధన అయిపోయింది. అంటే గోపీనాథ్ వచ్చే వేళయింది. సీలు విప్పుతారు, పైపు ముట్టుకుంటారు, తవ్వుతారు. ఇక్కడిదాకా వస్తారు. తన నడుమున ఉన్న చెవి ఈ తాళానికి పడుతుంది. అప్పుడు తాను పెట్టిన ఒట్టు, మొగుడు, బోరు, చేను అన్నీ ఒకేసారి పోతాయి. మొగుణ్ణి కాపాడాలా, తన మాటను కాపాడుకోవాలా అని తూచుకునే తీరిక కూడా లేదు. పదిహేనేళ్ళ సంసారం చేతులను ముందు నడిపించింది. తలుపు వేసి తాళం బిగించింది. చెవిని గుప్పిట్లో పెట్టుకుని పరిగెత్తి, ఎండిన మూడో బోరు నోట్లో వదిలేసింది. కేసింగుకు తగులుతూ, టింగు టింగుమంటూ అది ఎంతసేపో కిందికి పోతూనే ఉంది.

"ఏమ్మా కృపమ్మా, తాళం చెవి ఎందుకు ఏస్తివి అందులో?"

వెనక్కి తిరిగింది. చేతిలో పారతో, కాళ్ళకు తడి బురదతో కంబన్న నిలబడి ఉన్నాడు. నీళ్ళు కట్టుకుంటున్నవాడు, అవి ఉన్నట్టుండి ఆగిపోయేసరికి ఏమైందో చూద్దామని వచ్చాడు.

రహస్యం బయటపడిన మనిషికి ధైర్యం రెండు దార్లలో వస్తుంది. ఒకటి ఏడుపు, రెండోది ఎదురుదాడి. కృపమణి రెండోది పట్టుకుంది. "నీ కాళ్ళకు బురద యాడిదన్నా? నా బోరుదేనా?" అంది.

కంబన్న పార కింద పెట్టాడు. "నీ బోరుదే. మా బోరు ఎండిపోయి మూడు నెలలాయ."

"ఊరికేమో నీ బోరు పోస్తాందని చెప్తాండావు."

"గీత అవతల ఉండాది కాబట్టి ఎవురూ వచ్చి సూడలేదు."

"అయితే నేను కొళాయి కాడ చెప్పింది నిజమే. దొంగవు నువ్వే."

"నిజమే."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు ఆమె. "అంతమందిలో నేను వేలు చూపిస్తే ఎందుకు నోరెత్తలేదు మరి?"

కంబన్న ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. అరవై ఏళ్ళ మనిషి, ఆ ముఖంలో ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంది. దొరకాల్సింది దొరకలేదో, దొరకకూడనిది దొరికిందో, అతని కళ్ళు కిందికి వాలిపోయాయి.

"నీకు తెలీదామ్మా?"

"ఏంది?"

"అయ్యో సామీ." బండ మీద కూలబడ్డాడు. "నీకు అంతా తెలుసు అన్నాడమ్మా మీ ఆయన. మా బోరులో నీళ్ళుండాయి, నీ సర్వీసుకు సీలు లేదు, రెండూ కలుపుదాం, పంట సగం సగం అన్నాడు. నేను వద్దంటి. మీ చేనుకు నీళ్ళు పెడితే దావన పోయే వాళ్ళందరికీ కనపడతాది, పట్టుకుంటారు అంటి. దానికి ఆయన ఏమన్నాడో తెలుసా? మా చేనుకు సుక్క పెట్టొద్దు, మా చేను ఎండాల, మా చేను ఎండితేనే ఎవురికీ మన మీద అనుమానం రాదు, కృపకు చెప్పినా, ఒప్పుకొనింది అన్నాడు."

కృపమణి భుజం మీది పుండు ఉన్నట్టుండి సలిపింది. కొబ్బరినూనె గుర్తొచ్చింది. ఎందుకింత యాతన, వదిలెయ్ గదా అన్న మాట గుర్తొచ్చింది. తాను బిందె మోస్తూ పోతుంటే గడపలో నిలబడి చూసిన అతని చూపు గుర్తొచ్చింది. ఆ చూపులో జాలి ఉందనుకుంది. లెక్క సరిపోయిందా అని చూసుకున్నాడు ఆ మనిషి. కంచే చేను మేయడం విన్నదే గానీ, మేస్తూ మేస్తూ చేనుకే మందు రాసే కంచెను ఆమె ఎన్నడూ వినలేదు.

"దినామూ నువ్వు బిందె మోస్తాంటే, ఊరు నమ్మాలని అంత కష్టం పడతాండావు అనుకొంటి" అన్నాడు కంబన్న. "కొళాయి కాడ నన్ను తిడితివే, అది కూడా మీరిద్దరూ అనుకొని ఆడిన ఆట అనుకొంటి. అందుకే తలకాయ వంచుకొని పోతి. ఇంటికి పోయినాక మా భీమమ్మతో కూడా అంటి, ఆయమ్మ శానా గట్టిది, ఎంత బాగా తిట్టిందో అని."

కృపమణికి ఏడుపు కూడా రాలేదు. తడి మొత్తం ఎవరో పైపు వేసి లాగేసినట్టుంది.

గట్టు మీద మనుషులు కనిపించారు. ముందు ఏసురాజు, చంకలో ఇంకా బైబిలు ఉంది. వెనక గోపీనాథ్, చేతిలో కాగితాలు. ఆ వెనక రత్నమణి, చర్చి బట్టలు కూడా మార్చుకోని జనం. ఖాళీ బిందెలు కొందరి చంకల్లో అలాగే ఉన్నాయి, ఇక్కడేదైనా నీళ్ళు దొరుకుతాయేమో అన్నట్టు.

"కృపా! యాడుండావు?" ఏసురాజు కేకేశాడు. "సార్ వచ్చినాడు. వచ్చి నీ పెట్టె కాడ నిలబడు."

కంబన్న లేచాడు. వాళ్ళ వైపు ఒకసారి చూసి, చొక్కా జేబులోంచి ఏదో తీసి ఆమె ముందు అరచెయ్యి చాచాడు. బురద చేతిలో ఇత్తడి తాళం చెవి మెరిసింది. ఆమె బోరులో వేసినదానికి జత.

"ఆయన నాకిచ్చి పోయినాడు" అన్నాడు కంబన్న, గొంతు తగ్గించి. "నేను ఎట్లా పోయేవాణ్ణేనమ్మా, జైలుకైనా పోతా. కానీ ఇది తెరిస్తే నీ మొగుడూ వస్తాడు, నీ బోరూ పోతాది. తెరవకుంటే ఊరు ఎండతాది, నీ ఒట్టు కుళ్ళతాది. ఒక చెవి ఆయన కోసరం భూమిలో వేస్తివి. దీన్ని యాడ వెయ్యమంటావో నువ్వే చెప్పు."

జనం గట్టు దిగుతున్నారు. ఎండిన బోరు నోరు ఇంకా తెరిచే ఉంది. కృపమణి బైబిలు మీద పెట్టిన ఆ చేతినే ముందుకు చాచి, తాళం చెవి తీసుకుంది.